మానేసినా నోరు చూపించుకోవాలి
(లేపాక్షిలో జరిగిన ఆరోగ్య అవగాహన సభలో సిస్టర్ గారి ప్రసంగం)



ఒకసారి ఒక పెద్దాయన నోట్లో తెల్లమచ్చతో వచ్చారు. "వక్కాకులో పొగాకు మానేసి మూడేళ్ళయింది సిస్టర్, ఇంకా నోరు చూసేదెందుకు?" అన్నారు. మంచి ప్రశ్నే. ఈరోజు దానికే జవాబు చెప్తాను.

మన కణాల్లో డి.ఎన్.ఎ. అనే సన్నని పోగు ఉంటుంది. పొగాకులోని విషాలు, ఎండ, ఒంట్లో మామూలుగా జరిగే మార్పులు కూడా దాన్ని దెబ్బతీస్తాయి. ఒక్కో కణంలో రోజుకు వేలసార్లు ఇలా జరుగుతుంది. దేవుని దయవల్ల దాన్ని బాగుచేసే ఏర్పాటూ కణంలోనే ఉంది. అది ఎలా పనిచేస్తుందో వివరించిన టోమాస్ లిండాల్, పాల్ మోడ్రిచ్, అజీజ్ సంకార్‌లకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే ధర్మవరం పట్టుచీర చిరిగితే రఫూ చేయిస్తాం కదా. పోగులు కలుస్తాయి గానీ పువ్వు ఒక్కోసారి మునుపటిలా కుదరదు. డి.ఎన్.ఎ. మీద కూడా చిన్నచిన్న రసాయన గుర్తులుంటాయి. ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఊరుకోవాలో తేల్చడంలో వాటికి పాత్ర ఉంది. తెగినచోట అతుకు పడ్డాక ఈ గుర్తులు కొన్నిసార్లు మారిపోతాయని ప్రయోగశాలల్లో గమనించారు. క్యాన్సర్‌ను అడ్డుకునే జన్యువే అలా మూగబోతే ప్రమాదం.

పొగతాగేవారి రక్తంలో ఈ గుర్తులను పరిశీలించి 2016లో ఒక పెద్ద అధ్యయనం వెలువడింది. మానేసినవారిలో మారిన గుర్తులు చాలావరకు అయిదేళ్ళలోపే మామూలుకు వచ్చాయి. కొన్ని మాత్రం 30 ఏళ్ళయినా పోలేదు. కాబట్టి మానడం ఎప్పుడూ లాభమే. మానేశాక కూడా జాగ్రత్త అవసరమే.

ఈ గుర్తులు సరిగా పడటానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. 1945లో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ పరిశోధకుల బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. తోటకూర, పాలకూర, అలసందలు, శనగల్లో అది దొరుకుతుంది. ఆకుకూర ఉడికిన నీళ్ళు పారబోయకండి. గర్భిణీలు ఆశా కార్యకర్త ఇచ్చే మాత్రలు మానకండి. కానీ ఆకుకూర తింటున్నాం కదా అని పొగాకు వేసుకుంటే లాభం లేదు.

నెలకొకసారి వెలుతురులో అద్దం పట్టుకుని నోరు చూసుకోండి. తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు వారాలైనా మానని పుండు కనబడినా, నోరు సరిగా తెరుచుకోకపోయినా వెంటనే ఆసుపత్రికి రండి. నొప్పి లేదని ఊరుకోకండి. మొదట్లోనే చూపిస్తే నయం చేయడం సులువు.

ఆ పెద్దాయనకు కూడా ఇదే చెప్పి, డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. దేవుడిచ్చిన ఈ శరీరాన్ని జాగ్రత్తగా కాపాడుకుందాం.