చూసిందే రాయాలి
(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో, బ్యాటరీ సెల్ నాణ్యత తనిఖీ శిక్షణ పొందిన సభ్యులు చేసిన ప్రసంగం)



పోయిన మహాసభలో మీరు తీర్మానం చేసి మా ఆరుగురిని ఈ శిక్షణకు పంపించారు. ఐదుగురం పూర్తి చేసినం. ఒక చెల్లె నడుమలోనే వాపసు వచ్చింది, ఆమె సంగతి చివర చెప్తం. నేర్చుకున్నదే కాదు, జరిగిన తప్పు కూడా చెప్పమని అధ్యక్షురాలక్క అన్నది. అందుకే రెండూ చెప్తున్నం.

2023 మే నెలలో మన పాలమూరు దగ్గర దివిటిపల్లిలో అమరరాజా వారి లిథియం బ్యాటరీ ఫ్యాక్టరీకి శంకుస్థాపన అయిన కాన్నుంచి బ్యాటరీ పని అనే మాట మన ఊళ్లలో తిరుగుతున్నది. మా ఇళ్లల్లో మాత్రం "యాసిడ్ పనా? చేతులు కాలుతయి" అని భయపెట్టిన్రు. ట్రాక్టర్‌కు, ఇన్వర్టర్‌కు ఉండే సీసం బ్యాటరీ వేరు. ఇది సెల్‌ఫోన్‌లో, కరెంటు స్కూటర్‌లో ఉండేది.

సెల్ తయారీ మన వంటింటి పనికి దూరమేం కాదు. పలుచని రాగి రేకు మీద గ్రాఫైట్ కలిపిన నల్ల పిండి పూస్తారు. అల్యూమినియం రేకు మీద లిథియం ఉన్న పిండి పూస్తారు. దోసె పిండిలో ఉండలుంటే దోసె ఎట్ల వస్తదో మీకు తెలుసు. ఇక్కడ కూడా ఉండ కట్టినా, అంచులో మందమైనా ఆ రేకు పనికిరాదు. ఈ రెండింటి నడుమ సెపరేటర్ అనే పలుచని పొర పెట్టి చుడతారు. ఆ పొర మందం 10 నుంచి 20 మైక్రాన్లు. మన తల వెంట్రుకే 70 మైక్రాన్ల దాకా ఉంటది. రేకు కోసినప్పుడు అంచున లేచిన ముల్లు గాని, ఇనుప రజను గాని ఆ పొరను పొడిస్తే రెండు రేకులు తగులుకొని సెల్ వేడెక్కుతది, మంట లేస్తది.

ఇది ఉత్త మాట కాదు. 2006లో సోనీ తయారుచేసిన సెల్‌లలో లోహపు రజను పడిందని తేలి, డెల్ కంపెనీ 41 లక్షల ల్యాప్‌టాప్ బ్యాటరీలను వాపసు పిలిచింది. 2016లో శాంసంగ్ నోట్ 7 ఫోన్లు కాలినప్పుడు పరీక్షిస్తే, కొన్ని బ్యాటరీలలో వెల్డింగ్ దగ్గర లేచిన ముళ్లు కూడా కారణమని తేలింది.

అందుకే మొదటి రోజే గాజులు, మెట్టెలు, చెవి కమ్మలు, నల్లపూసలు అన్నీ తీయమన్నరు. పౌడర్, కాటుక, కుంకుమ, పూలు ఏవీ వద్దన్నరు. మాలో ఇద్దరు పుస్తెలు తీయమని మొండికేసిన్రు. ఒకామె అత్త ఫోన్ చేసి వెంటనే వచ్చేయమన్నది. మేడమ్ కోప్పడలేదు. గాజు కొస నుంచి రాలిన పొడిని మైక్రోస్కోప్ కింద పెట్టి మాకు చూపించింది. ఆమె ఆ ఫొటోనే అత్తకు పంపింది. తెల్లారి ఇద్దరూ పుస్తెలు మూటగట్టి లాకర్‌లో పెట్టిన్రు. సాయంత్రం మళ్లీ వేసుకునేవాళ్లు. ఇది చిన్న సంగతి అనుకునేరు, మా బ్యాచ్‌ల అన్నిటికంటే పెద్ద పంచాయితీ ఇదే.

తేమ ఇంకో శత్రువు. సెల్‌లో పోసే ద్రావణానికి నీటి తడి తగిలితే ఆమ్లం పుడుతుంది. అందుకే డ్రై రూమ్‌లో డ్యూ పాయింట్‌ను మైనస్ 40 డిగ్రీలు, అంతకన్నా కిందనే ఉంచుతారు. మనిషి ఊపిరిలో, చెమటలో కూడా తేమ ఉంటది కదా, లెక్క ప్రకారమే మనుషులను లోపలికి పంపుతారు. పెదాలు పగిలినయి, గొంతు ఎండింది. అది కూడా ముందే తెలుసుకొని రండి.

ఇగ మా తప్పు. సెల్‌కు మొదటిసారి చార్జింగ్ ఎక్కించడాన్ని ఫార్మేషన్ అంటారు. ఆ తర్వాత కొన్ని రోజులు కదపకుండా ఉంచుతారు. ముందు ఒకసారి, తర్వాత ఒకసారి వోల్టేజీ కొలుస్తారు. లోపల ఎక్కడన్న సన్నగా తగులుకుంటే వోల్టేజీ తొందరగా పడిపోతది. పాయింట్ తర్వాత మూడు అంకెలూ రాయాలి. 3.296 ఉన్నది 3.295 అయితే ఫరవాలేదు. 3.271 అయితే ఆ సెల్ పక్కకు పెట్టాలి.

మాలో ఒకరికి, పేరు చెప్పం, బస్సు టైమ్ అవుతుండె. ట్రేలో చివరి ఎనిమిది సెల్‌లు కొలవకుండ, పైవన్నీ 3.295 ఉన్నయి కదా అని అదే రాసింది. ఆ ఎనిమిదిలో ఒకటి మేడమ్ కావాలని పెట్టిన చెడ్డ సెల్. తెల్లారి దాన్ని అందరి ముందర కొలిపించింది. 3.271. "ఈ సెల్ నువ్వు పాస్ చేసినవు. దీన్ని స్కూటర్‌లో పెట్టి మీ ఇంట్లో రాత్రి చార్జింగ్ పెడతవా?" అని అడిగింది. ఆమె ఏడ్చింది. మేము నలుగురం కూడా తలెత్తలేదు, ఎందుకంటే ముందు వారం మాలో ఇంకొకరు అదే పని చేసి దొరకలేదు.

2022 ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఆ ఏడాదే కేంద్ర ప్రభుత్వం ఏఐఎస్ 156 అనే బ్యాటరీ భద్రతా నిబంధనలను కఠినం చేసి, డిసెంబర్ నుంచి దశలవారీగా అమలు చేసింది.

ఒక మాట అంటే కోపం చేయొద్దు. మీటింగ్ పెట్టకుండానే మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాసి, సంతకాలకు ఇల్లిల్లూ తిప్పే సంఘాలు మనలో ఉన్నయి. మా సంఘం కూడా తిప్పింది. ఆ అలవాటుతోనే మా చెయ్యి 3.295 రాసింది. శిక్షణ నుంచి వచ్చిన కాన్నుంచి మా మూడు సంఘాలలో కూర్చున్నవాళ్లే సంతకం పెడుతున్నరు. రెండుసార్లు కోరం లేక మీటింగ్ వాయిదా పడ్డది, అట్లనే రాసినం.

నడుమలో వచ్చిన చెల్లెకు రెండేండ్ల పాప. హాస్టల్‌లో పిల్లలను ఉంచనీయరు. పాపకు జ్వరమొస్తే చూసే దిక్కు లేక వచ్చేసింది. లెక్కలో, చూపులో ఆమే మా అందరికన్న ముందుండేది. అందుకని ఈ సభను రెండు అడుగుతున్నం. వచ్చే బ్యాచ్‌లో పసిపిల్లల తల్లులుంటే, ఆ కాలమంతా పిల్లను చూసే మనిషికి కూలి సమాఖ్య సాధారణ నిధి నుంచి ఇవ్వాలి. ఆ చెల్లె పేరు మొదట రాయాలి. ఇంకొకటి, సర్టిఫికెట్, ఉద్యోగం రెండూ ఇప్పిస్తమని డబ్బులడిగే మధ్యవర్తులు ఊళ్లకు వస్తున్నరు. వాళ్లకు కట్టేందుకు ఏ సంఘమూ అప్పు తీర్మానం చేయొద్దు.

పేర్లు ఇచ్చేవాళ్లు భోజనాల తర్వాత మా దగ్గరికి రండి. కొలిచే మీటరు, రెండు పాత సెల్‌లు వెంట తెచ్చినం. ఒకటి మంచిది, ఒకటి చెడ్డది. ఏది ఏదో మీరే కొలిచి చెప్పాలి.