జ్వరం దాచిన రూము
(వార్షిక సభలో చేసిన ప్రసంగం)

వారానికి ఒక్క శుక్రవారం సెలవు దొరుకుతుంది. బట్టలు ఉతుక్కోవాలి, ఇంటికి ఫోన్ చేసుకోవాలి, కంటినిండా పడుకోవాలి. అవన్నీ పక్కనబెట్టి వచ్చిన అన్నలకు, తమ్ముళ్లకు దండాలు.

కమిటీవాళ్లు మా సూపర్‌వైజర్లను సేఫ్టీ మీద మాట్లాడమన్నారు. హెల్మెట్ గురించి, బెల్టు గురించి రోజూ పొద్దున టూల్‌బాక్స్ మీటింగులో చెప్తూనే ఉన్నాం. మీలో సగం మంది నిలబడి నిద్రపోతూనే ఉన్నారు. అందుకని ఇవాళ వేరే సంగతి. కరోనా రోజుల్లో ఎవరి మాట నమ్మాలో తెలియక మనం పడ్డ తిప్పలు, అందులో మా తప్పెంత అనేది మాట్లాడుకుందాం. రోగం తగ్గిపోయింది కదా, ఇప్పుడెందుకు అంటారేమో. రోగం తగ్గింది గానీ, పోయిన నమ్మకం ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు.

2020 మార్చి 17న దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో 1వ వీధి నుంచి 32వ వీధి దాకా మూసేశారు. మా క్యాంపు అందులోనే ఉంది. రూముకు ఎనిమిది మందిమి, మంచానికీ మంచానికీ మధ్య రెండడుగులు. గేటు దగ్గర అంటించిన కాగితం మీద మాత్రం మనిషికీ మనిషికీ దూరం పాటించమని ఉంది. అది చదివి నవ్వుకున్నాం. ఆ వారంలోనే ఇండియాకు విమానాలు ఆగిపోయాయి. 25 నుంచి అక్కడ లాక్‌డౌన్. ఇక మాకు దిక్కు ఫోనే.

ఆ ఫోన్‌లో రోగం కంటే ముందు రాజకీయం వచ్చింది. ఆంధ్రాలో స్థానిక ఎన్నికలను మార్చి 15న కరోనా కారణంగా ఎన్నికల కమిషనర్ వాయిదా వేశారు. అది కుట్ర అని ఒక పార్టీ, ప్రాణాలు కాపాడే పని అని ఇంకో పార్టీ. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది, వాయిదా నిలబడింది. కానీ మా పక్క రూములో కడపాయనకూ రాజమండ్రి ఆయనకూ మధ్య మాటలు ఆగిపోయాయి. అప్పటి నుంచి ఎవరి పార్టీని బట్టి వాళ్లకు కరోనా పెద్దదో చిన్నదో అయిపోయింది.

పారాసిటమాల్ సంగతి గుర్తుందా? ఇద్దరు ముఖ్యమంత్రుల నోటా ఆ మాట వచ్చింది. అభిమానులు ఆ గోలీ చాలనుకున్నారు. గిట్టనివాళ్లు ఎగతాళి చేసి, అది దండగ అనుకున్నారు. నిజం ఏమిటంటే, అది జ్వరం, ఒళ్లునొప్పులు తగ్గిస్తుంది, వైరస్‌ను చంపదు. ఇంట్లో ఉండి కోలుకునేవాళ్లకు డాక్టర్లు ఇచ్చినదీ అదే. గోలీకి పార్టీ లేదు. మనమే అంటించాం.

ఇంకొకటి చెప్పడానికి సిగ్గుగా ఉంది. మార్చి చివర్లో ఢిల్లీ మర్కజ్ వార్తలు వచ్చాక, మాతో ఒకే గిన్నెలో తిన్న నిజామాబాద్ తమ్ముడు తన ప్లేటు తీసుకొని బయట మెట్ల మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. ఎవరూ పొమ్మనలేదు. రమ్మని కూడా అనలేదు. ఆయన మూడేళ్ల నుంచి ఢిల్లీ మొహం చూడలేదని మాకందరికీ తెలుసు.

ఇప్పుడు మా తప్పు. సైట్ ఆగకూడదని పైనుంచి మాట. పొద్దున లెక్కలో మనుషులు తగ్గితే మమ్మల్ని అడుగుతారు. అందుకని మీటింగులో "ఏంగాదు, మామూలు జలుబే, పనికి రండి" అని చెప్పాం. క్వారంటైన్‌లో ఉన్నవాళ్లకు జీతం ఇవ్వాలని ఇక్కడి ప్రభుత్వం ఏప్రిల్‌లోనే చెప్పింది. ఆ మాట మాకు ఇంగ్లీషులో అందింది. తెలుగులో మీకు చెప్పింది ఎవరు? ఎవరూ లేరు. చెప్తే నలుగురు జ్వరమని పడుకుంటారేమోనని మా భయం.

ఫలితం ఏమైంది? మా రూములో జగిత్యాల పెద్దాయన, షట్టరింగ్ కార్పెంటర్, ఆరు రోజులు జ్వరం దాచుకున్నాడు. పొద్దున టెంపరేచర్ చూసే ముందు గోలీ వేసుకొని, నెత్తిన చల్లనీళ్లు పోసుకొని వచ్చేవాడు. ఏడో రోజు మెట్లెక్కలేక కూలబడితే అంబులెన్స్ వచ్చింది. రూములో ఇంకో ఐదుగురికి పాజిటివ్. ఆయన మూడు వారాలు ఆక్సిజన్ మీద ఉన్నాడు. ప్రాణం దక్కింది గానీ బరువెత్తే శక్తి పోయింది. వీసా క్యాన్సిల్ చేసుకొని ఇంటికి పోయాడు.

పోయే ముందు ఎందుకు దాచావని అడిగాం. ఆయనన్న మాట ఇదీ: "జ్వరమని చెప్తే జీతం కోస్తరు, ఇంటికి తోలిస్తరు అనుకున్న. మీరేమో ఏంగాదు ఏంగాదన్నరు. ఏంగాకుంటే మీరెందుకు మూతికి బట్ట గట్టుకున్నరు తమ్మీ?"

దానికి మా దగ్గర జవాబు లేదు. ఈ రోజు కూడా లేదు.

మాస్కు విషయంలో పెద్దవాళ్లూ తడబడ్డారు. మొదట్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆరోగ్యంగా ఉన్న జనానికి మాస్కు అక్కర్లేదన్నట్టే చెప్పింది. మే 17 నుంచి ఖతార్‌లో మాస్కు తప్పనిసరి అయింది. జూన్ 5న ఆ సంస్థ కూడా సలహా మార్చింది. అంతే, "వాళ్లకే తెలియదు, అంతా మోసం" అన్నారు మనవాళ్లు. అయితే ఒక్కటి ఆలోచించండి. సైట్‌లో డ్రాయింగుకు రివిజన్ వస్తే ఇంజినీరును మోసగాడు అంటామా? కొత్త దాని మీద తేదీ చూస్తాం, మారిన చోట చుట్టిన గీత చూస్తాం, పాతది పక్కన పడేస్తాం. మార్చడం తప్పు కాదు. ఎందుకు మార్చారో చెప్పకపోవడం తప్పు.

వ్యాక్సిన్ దగ్గరా ఇదే కథ. 2021 జనవరి 3న ఇండియాలో కోవిషీల్డ్‌కు, మన హైదరాబాద్‌లో తయారైన కోవాగ్జిన్‌కు అనుమతి ఇచ్చారు. కోవాగ్జిన్ మూడో దశ ఫలితాలు అప్పటికి రాలేదు. క్యూబ్ టెస్ట్ రిపోర్టు రాకముందే షట్టరింగ్ విప్పినట్టు. అడగాల్సిన ప్రశ్నే. కానీ అడిగిన తీరు చూడండి. అది బీజేపీ వ్యాక్సిన్, నేను వేసుకోనన్నారు అఖిలేశ్ యాదవ్. అడిగినవాళ్లు శాస్త్రవేత్తలను అవమానించారని అటువైపు వాళ్లు. తర్వాత రిపోర్టు వచ్చింది, 77.8 శాతం పనిచేస్తుందని. మంచిదే. కానీ ఈలోపు ఊళ్లో మన అమ్మానాన్నలు ఏ టీకా ఏ పార్టీదో లెక్కపెడుతూ కూర్చున్నారు.

లీవులో పోయి ఇరుక్కున్న మనవాళ్లకు ఇంకో దెబ్బ. మేలో కోవిషీల్డ్ రెండో డోసుకు గడువు 12 నుంచి 16 వారాలకు పెంచారు. బయటి దేశాల్లో ఉద్యోగానికి పోయేవాళ్లు 28 రోజుల తర్వాత వేసుకోవచ్చని, సర్టిఫికెట్‌కు పాస్‌పోర్టు నంబరు జోడించుకోవాలని జూన్‌లో చెప్పారు. అది తెలియక చాలామంది ఊళ్లోనే ఆగిపోయారు. కోవాగ్జిన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు నవంబర్ 3న గానీ రాలేదు. అందాకా చాలా దేశాల జాబితాల్లో దాని పేరే లేదు. పార్టీల తిట్లు మన ఫోన్లకు నిమిషంలో చేరాయి. మన వీసాను కాపాడే ఆ ఒక్క కబురు మాత్రం చేరలేదు.

అన్నలారా, తమ్ముళ్లారా, రేపు ఇంకో రోగం రావచ్చు. రోగమే కాదు, ఎండదెబ్బ హెచ్చరిక ఉంది, గ్యాస్ లీకు ఉంది. మాట మీద నమ్మకం లేకపోతే ఏ బోర్డూ మనల్ని కాపాడదు. అందుకని మా సూపర్‌వైజర్లం ఈ సభలో మూడు మాటలు ఇస్తున్నాం.

ఒకటి, ఆరోగ్యం మీద ఏ సర్క్యులర్ వచ్చినా ఆ రోజే తెలుగులో గట్టిగా చదివి వినిపిస్తాం. మాకు తెలియనిది తెలియదనే చెప్తాం. రెండు, జ్వరమని చెప్పిన మనిషిని ఆ రోజు పనిలోకి దింపం. పైవాళ్లకు లెక్క మేం చెప్పుకుంటాం. మూడు, మాకు భయమైతే మాకూ భయంగా ఉందని మీ ముందే ఒప్పుకుంటాం.

మిమ్మల్ని అడిగేది రెండే. మందు గురించి మెసేజ్ వస్తే, చెప్పింది డాక్టరా, పార్టీ మనిషా అని చూసి, తేదీ చూసి, ఆ తర్వాతే ఇంకొకరికి పంపండి. పక్క మంచం మనిషి దగ్గుతుంటే ఏ ఊరు, ఏ పార్టీ, ఏ మతం అని చూడకండి. నీళ్లిచ్చి, మాకు కబురు చేయండి.

జగిత్యాల పెద్దాయనకు నిన్న ఫోన్ చేశాం. ఈ సభలో ఆయన సంగతి చెప్తామంటే సరేనన్నాడు. "చెప్పుర్రి, కని ముందుగాల మీరు మారుర్రి" అన్నాడు. ఆ మాట మీ అందరి ముందూ ఒప్పుకుంటున్నాం.