కాగితపు చిత్రములు, కొయ్య పెట్టెలు
(హోసూరు మహిళా సమావేశమునందలి ప్రసంగ పాఠము)



చిత్రపు కాగితమును కత్తిరించి కొయ్యపై అంటించి, మీద మెరుగుపూత వేసి, కాగితమును కొయ్యయు ఒకటే యనిపించునట్లు చేయు పనిని ఫ్రెంచివారు డెకూపాజ్ అందురు. ‘కత్తిరింపు’ అనియే దాని అర్థము. 18వ శతాబ్దమున వెనిస్ నగరమున చీనా లక్కసామానుపై మోజు హెచ్చినది. అంత వెల పెట్టలేనివారికై అచటి పనివారు అచ్చుచిత్రములను కత్తిరించి, రంగులద్ది, పెట్టెలపై అంటించి, పూతపై పూత వేసి అమ్మిరి. దానికి ‘పేదలక్క’ యను పేరు నిలిచినది. పేరు ఎగతాళిగా నున్నను పని చౌకబారుది కాదు. ఆ సామాను నేడు మ్యూజియములలో నున్నది.

ఈ విద్య మనకు పరాయిది కాదు. తంజావూరు చిత్రములను తమిళమున ‘పలగై పడం’, అనగా పలకపటము, అందురు. వానిని వ్రాసినవారిలో తంజావూరు, తిరుచ్చిరాపల్లి రాజు కులమువారును మదుర నాయుళ్ళును ముఖ్యులు. నాయకరాజుల కాలమున దక్షిణమునకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములవారు, మనవలెనే. పనసపలకపై గుడ్డను చింతగింజల జిగురుతో అంటించి, సుద్దపూత పూసి, బంగారు రేకు అద్దెడివారు. మైసూరు చిత్రకారులు గుడ్డకు బదులు కాగితము వాడుటయు కలదు. 1894లో రవివర్మ బొంబాయిలో అచ్చుకూటము స్థాపించిన పిమ్మట దేవతల అచ్చుపటములు ఇంటింటికి చేరినవి. వానికి జరీయు తళుకులును అతికి అలంకరించినది స్త్రీలే. మూత లోపల లక్ష్మీపటము అంటించిన పెట్టెలు మన ఇండ్లలో ఎన్ని లేవు!

ఇక జిగురు మాట. పని చెడునదంతయు ఇచటనే చెడును. కృష్ణగిరి ప్రాంతమున చింతగింజలకు కొదువ లేదు. వానిని వేయించి, పైపొట్టు తీసి, నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీటిలో కలియబెట్టుచు ఉడికింపవలెను. పుస్తకములు కుట్టువారు పురుగు పట్టకుండుటకై జిగురులో మైలుతుత్తము వేయుదురు. అది విషము, పిల్లలున్న ఇంట వలదు. అంత ఓపిక లేనివారు అంగడిలోని ఫెవికాల్‌ను నీటితో కొంచెము పలుచన చేసికొనవచ్చును.

కొయ్యను గరుకు కాగితముతో నునుపు చేసి దుమ్ము తుడువుడు. కాగితము తడిసిన సాగును, ఆరిన ముడుచుకొనును. పొడి కాగితమును తడిజిగురుపై పెట్టుటచేతనే బుడగలు లేచుచున్నవి. కావున వెనుకవైపు తడిగుడ్డతో అద్ది, సాగనిచ్చి, ఆపై అంటించి నడుమనుండి అంచులకు మెల్లగా ఒత్తవలెను. సిరాతో అచ్చువేయు ఇంటి యంత్రములపై తీసిన ప్రతులు నీటికి కారును. ముందొక మూల తడిచేసి చూడుడు. హోసూరు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్న చల్లని ఊరు. వానకాలమున రెండు నాళ్ళయినను ఆరనీయవలెను. పిమ్మట పలుచని జిగురు ఒక పూత వేసి, అది ఆరిన తరువాతనే వార్నిషు పూయుడు. లేనిచో వార్నిషు కాగితములోనికి దిగి మరకలు పడును. వడ్రంగుల లక్క పాలిషు అందమైనదే గాని వేడికిని తడికిని తెల్లబారును. భోజనపు పీటలకు పనికిరాదు.

ఏ కాగితమును కత్తిరింపవలెను? నేను ముఖ్యముగా చెప్పవచ్చినది ఇదియే. ముత్తాతల నాటి శుభలేఖలు, ఉత్తరములు, చేవ్రాత లెక్కపుస్తకములు మన అటకలపై నున్నవి. ఏ ఊరినుండి ఏ ఊరికి పిల్లనిచ్చిరో చెప్పునవి అవియే. మన పిల్లలలో పెక్కురు ఇంట తెలుగు మాటాడుదురు గాని అక్షరము నెరుగరు. వారికవి వట్టి నల్లగీతలు. అట్టి కాగితము కత్తెర పాలైనచో మరల రాదు. నకలు తీయించి ఆ నకలునే అంటింపుడు. అసలును మడవక శుభ్రమైన కాగితముల నడుమ ఉంచుడు. నగిషీ చెక్కిన పాత పెట్టెలపైనను ఏమియు అంటింపవలదు; క్రొత్త పలక తెచ్చుకొనుడు.

నకలును కత్తిరించు పని మాత్రము పిల్లలకే అప్పగింపుడు. ‘క్ష’ మెలిక చుట్టు కత్తెర నడిపింపవలెనన్న ఆ అక్షరమును నిదానించి చూడక తప్పదు. తలకట్టు తెగినచో అది ఏమని పెద్దవారిని అడుగుదురు. కత్తెర చిన్నదిగా నుండవలెను. కత్తెరను త్రిప్పక, కాగితమునే త్రిప్పుట సులువు.