ప్రథమ పురుషలో మిగిలిన కాలం



మాకు ఫ్రెంచి నేర్పిన మాస్టారు యానాంలో పుట్టారు. ఆయన చిన్నతనంలో ఆ ఊరు ఫ్రెంచి ఏలుబడిలో ఉండేది. 1954లో ఆ పాలన ముగిసింది. 1956లో రాసుకున్న అప్పగింత ఒప్పందాన్ని ఫ్రాన్సు 1962లో ఖాయపరచింది. ఇంట్లో తెలుగు, బడిలో ఫ్రెంచి వింటూ పెరిగిన మనిషి కాబట్టి, ఒక భాషలో లేనిది మరో భాషలో ఎందుకుందన్న ప్రశ్న ఆయన్ను జీవితాంతం వదల్లేదు. ఆయన పేరిట మాట్లాడమని కోరినప్పుడు నేను విషయం వెతుక్కోలేదు. చాలామంది ఉపాధ్యాయులు దాటేసి వెళ్లిపోయే పాఠాన్ని ఆయన ఎంతో ఇష్టంగా చెప్పేవారు. అది ఫ్రెంచి క్రియల ఇంపర్‌ఫెక్ట్ సబ్‌జంక్టివ్.

ఫ్రెంచి తెలియనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. జరుగుతున్న సంగతిని ఉన్నదున్నట్టు చెప్పడానికి ఫ్రెంచిలో ఒక క్రియారూపం ఉంది. కోరిక, భయం, సందేహం వంటి భావాలకు లోబడిన సంగతిని చెప్పడానికి మరొకటి ఉంది. ఈ రెండోదే సబ్‌జంక్టివ్. ‘అతను వస్తున్నాడు’ అంటే ‘ఇల్ వ్యేఁ’. ‘అతను రావాలని కోరుతున్నాను’ అన్నప్పుడు ఆ రావడం ఇంకా నా కోరికలోనే ఉంది, అందుకని అక్కడ ‘వ్యేన్’ అనాలి. ఇక ప్రధాన వాక్యం భూతకాలంలోకి వెళ్లి ‘కోరాను’ అయిందనుకోండి. శాస్త్రీయమైన ఫ్రెంచిలో ఉపవాక్యంలోని క్రియ కూడా దాని వెంట వెళ్లాలి. ‘వ్యేన్’ అప్పుడు ‘వేఁ’ అవుతుంది. అదే ఇంపర్‌ఫెక్ట్ సబ్‌జంక్టివ్.

తెలుగు విద్యార్థి ఇక్కడ ఆగిపోతాడు. ఆగిపోవడం సహజం. ‘అతను రావాలని కోరుకుంటోంది’, ‘అతను రావాలని కోరుకుంది’. మన వాక్యాల్లో ‘రావాలి’ కదలదు. ‘వస్తాడేమోనని భయపడ్డాం’ అంటే భయపడింది ఏనాడో, అయినా ‘వస్తాడు’ అన్నది అలాగే ఉంటుంది. ఆనాటి మనసును ఆనాటి మాటల్లోనే వినిపించడం తెలుగు వాక్యం పద్ధతి. ఫ్రెంచి కథకుడు తాను నిలబడిన చోటినుంచే అన్నిటినీ చూస్తాడు. నిన్నటి భయాన్నీ, ఆ భయంలో ఉన్న రాకనూ కలిపి వెనక్కి జరుపుతాడు. మాస్టారు ఈ తేడాను ముందు మనసుకెక్కించి, ఆ తర్వాతే రూపాల జోలికి వెళ్లేవారు. తేడా తెలిశాక పట్టిక నేర్వడం అరపూట పని.

నిజంగానే అరపూట పని. దీన్ని కష్టమైన కాలమంటారు గానీ, కట్టుబాటులో ఇంత తీరైన కాలం ఫ్రెంచిలో మరొకటి ఉందని నేననుకోను. కథల్లో వాడే భూతకాలం ఒకటుంది, దాని పేరు పాసే సేఁప్ల్. దాని మధ్యమ పురుష ఏకవచన రూపం తీసుకుని, రాతలో చివర ‘ఎస్, ఇ’ అనే రెండక్షరాలు చేర్చితే ఉత్తమ పురుష ఏకవచనం సిద్ధమవుతుంది. తక్కినవి దాన్నిబట్టే వస్తాయి. ‘పార్లే’ అంటే మాట్లాడడం. దాని ఆరు రూపాలు వరసగా పార్లాస్, పార్లాస్, పార్లా, పార్లాస్యోఁ, పార్లాస్యే, పార్లాస్. క్రియ ఏదైనా పాసే సేఁప్ల్‌లో నాలుగే అచ్చులున్నాయి. ‘పార్లే’ వంటివాటికి ‘ఆ’, ‘ఫినీర్’ వంటివాటికి ‘ఈ’, ‘వూల్వార్’ వంటివాటికి ‘యూ’, ‘వెనీర్’, ‘తెనీర్’, వాటినుంచి పుట్టిన క్రియలకు ముక్కుతో పలికే ‘ఏఁ’. వర్తమాన సబ్‌జంక్టివ్‌లో మొండికేసే క్రియలు కూడా ఇక్కడ ఈ నాలుగింటిలో ఏదో ఒకదానికి ఒదిగిపోతాయి.

ఇప్పుడు నేను చదివిన ఆరు రూపాలను మరోసారి వినండి. ఫ్రెంచి లిపిలో అవి ఆరూ ఆరు విధాలుగా ఉంటాయి. తెలుగు లిపిలో రాసేసరికి మూడు ఒకటే అయిపోయాయి. చెవికి వినబడేది అదే. అంతకంటే ముఖ్యమైనది ప్రథమ పురుష ఏకవచనం, ‘పార్లా’. మామూలు పాసే సేఁప్ల్‌లో ‘అతను మాట్లాడాడు’ అన్నా ‘పార్లా’యే. రెంటికీ ధ్వనిలో భేదం లేదు. రాతలో మాత్రం సబ్‌జంక్టివ్ రూపంలో అచ్చు మీద చిన్న టోపీ గుర్తు, ఆ తర్వాత ‘టి’ అక్షరం ఉంటాయి. ఒకప్పుడు అక్కడ ‘ఎస్’ అక్షరం రాసేవారు. పలకడం మానేశాక కూడా రాతలో చాలాకాలం నిలిచింది. ఫ్రెంచి అకాడమీ నిఘంటువు 1740 నాటి మూడో కూర్పులో అటువంటి మూగ అక్షరాలను తీసేసి వాటి చోట టోపీ పెట్టింది. 1990లో లిపి సవరణలు ప్రకటించినప్పుడు ‘ఐ’, ‘యు’ అక్షరాల మీది టోపీలను చాలాచోట్ల ఐచ్ఛికం చేశారు గానీ, ఈ క్రియారూపాల మీద మాత్రం ఉంచేశారు. టోపీ పోతే జరిగిన సంగతికీ, కోరుకున్న సంగతికీ కంటికి కూడా తేడా తెలియని క్రియలున్నాయి. ‘ఉండు’ అనే అర్థమున్న ‘ఎత్ర్’ క్రియకు రెండు రూపాలూ ‘ఫ్యూ’యే.

మరి ఇంత తీరైన కాలం మాటల్లోంచి ఎందుకు జారిపోయింది? కటువుగా వినబడుతుందని అంటారు. అందులో కొంత నిజముంది. ‘-ఆస్’ అనే ప్రత్యయం ఫ్రెంచిలో తక్కువచూపును సూచిస్తుంది. పనికిరాని కాగితాల గుట్టను ‘పాప్రాస్’ అంటారు. ఆ చప్పుడు ప్రేమ మాటల్లో వినబడితే నవ్వొస్తుంది. హాస్యరచయిత అల్ఫోన్స్ అలే పేరిట ప్రచారంలో ఉన్న ఒక ప్రేమ విలాపగీతం ఈ రూపాలను వరసగా పేర్చి ఆ నవ్వునే పండించింది. కానీ నా దృష్టిలో ఇది అసలు కారణం కాదు. ఈ కాలం తన రూపం కోసం పాసే సేఁప్ల్ మీద ఆధారపడింది. 19వ శతాబ్దం నాటికి పారిస్ సంభాషణల్లో ఆ భూతకాలం దాదాపు కనుమరుగైంది. ఆంత్వాన్ మేయే అనే గొప్ప భాషావేత్త 1909లో ఈ మార్పు మీద ఒక వ్యాసమే రాశాడు. రోజూ ‘నువ్వు మాట్లాడితివి’ అన్న రూపం చెవిన పడని పిల్లవాడు, దానికి తోక చేర్చి మరో రూపాన్ని ఎక్కడినుంచి తెచ్చుకుంటాడు? పునాది కూలాక పై అంతస్తు మాటల్లో నిలవలేదు.

కటుత్వమే కారణమైతే ఇటలీ, స్పెయిన్, పోర్చుగల్‌లలోనూ ఇదే జరగాలి. లాటిన్‌లో ‘కాంతావిస్సెమ్’ వంటి రూపం ఒకటుండేది. ‘పాడి ఉండగా’ వంటి భావానికి వాడే ఆ రూపమే ఫ్రెంచిలో ‘షాంతాస్’, ఇటాలియన్‌లో ‘కాంతాస్సీ’, స్పానిష్‌లో ‘కాంతాసె’ అయింది. ఇటాలియన్‌లో ఈ కాలం ఇప్పటికీ ఇంట్లో, బజారులో వినబడుతుంది. స్పానిష్‌లో దానికి జంటగా ‘కాంతారా’ అన్న మరో రూపం కూడా ఉంది, రెండూ చెల్లుతాయి. తోబుట్టువులైన భాషల్లో బతికిన రూపం ఫ్రెంచిలో పుస్తకాలకు పరిమితమైంది.

ఫ్రాన్సు ప్రభుత్వం కూడా ఈ మార్పును గుర్తించింది. 1901 ఫిబ్రవరి 26న విద్యామంత్రి జోర్జ్ లేగ్ జారీచేసిన ఉత్తర్వు ప్రధాన వాక్యం షరతును సూచించే ‘కండిషనల్’ రూపంలో ఉన్నప్పుడు ఉపవాక్యంలో వర్తమాన సబ్‌జంక్టివ్ రాసినా పరీక్షల్లో తప్పుగా లెక్కించరాదని చెప్పింది. 1976 డిసెంబరు ఉత్తర్వు ఆ సడలింపును భూతకాలపు ప్రధాన వాక్యాలకూ విస్తరించింది. ఈ సడలింపులను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. మన వ్యావహారిక భాషోద్యమం చదివినవాళ్లకు దాని న్యాయం ఇట్టే తెలుస్తుంది. జనం నోట లేని రూపం రాయనందుకు పిల్లవాడి మార్కులు కోయకూడదు.

అయితే రాయమని ఒత్తిడి చేయకపోవడం వేరు, చదవడం నేర్పకపోవడం వేరు. చదవడం నేర్పకపోతే ఏం పోతుందో నాటకకర్త రాసీన్ చూపిస్తాడు. 1667 నాటి ‘ఆంద్రొమాక్’ నాటకం మొదటి అంకంలో గ్రీకులు తన కొడుకు ప్రాణం ఎందుకు కోరుతున్నారో ఆంద్రొమాక్ చెబుతుంది. వరసగా రెండు పంక్తుల్లో భయం గురించి మాట్లాడుతుంది, రెండుచోట్లా ప్రధాన క్రియ వర్తమానమే. మొదటి పంక్తిలో బిడ్డ తండ్రి పగ తీర్చుకోవడం వర్తమాన సబ్‌జంక్టివ్‌లో ఉంది. రెండో పంక్తిలో తల్లి కన్నీళ్లు తుడవడం ఇంపర్‌ఫెక్ట్ సబ్‌జంక్టివ్‌లో ఉంది. ప్రధాన క్రియ కదలకపోయినా ఉపవాక్యం ఎందుకు కదిలింది? అక్కడ పైకి చెప్పని షరతు ఒకటుంది: వాణ్ని బతకనిస్తే. ఆ షరతు తీరదని ఆమెకు తెలుసు. తల్లి ఆశ వదులుకున్న క్షణం ఒక క్రియ అంతంలో ఇమిడిపోయింది. ఆ రూపాన్ని కాలాల పొత్తు కోసం వచ్చిన ఆనవాయితీగా చదివిన పాఠకుడికి నాటకంలోని ఆ బాధ అందదు. మాస్టారు ఈ రెండు పంక్తుల దగ్గర ఒక తరగతంతా గడిపేవారు.

ఇప్పటి ఫ్రెంచి రచనలో ఈ కాలం దాదాపు ప్రథమ పురుష ఏకవచనంలోనే కనబడుతుంది. ‘పార్లాస్యోఁ’ అని ఇప్పుడు దాదాపు ఏ రచయితా రాయడు, రాసినా పాఠకుడు ఉలిక్కిపడతాడు. ‘ఫ్యూ’, ‘యూ’, ‘వేఁ’, ‘ఫీ’ మాత్రం గంభీరమైన గద్యంలో చడీచప్పుడు లేకుండా సాగిపోతాయి. అవి చెవికి పాసే సేఁప్ల్‌లాగే వినబడటమే దానికి కారణం. మార్గరీట్ యూర్స్‌నార్ 1951లో ప్రచురించిన ‘మెమ్వార్ ద్ ఆద్రియేఁ’ లాంటి పుస్తకం, ఒక రోమన్ చక్రవర్తి తన జీవితాన్ని తూచి చెప్పుకునే పుస్తకాన్ని, ఈ రూపాలు లేకుండా ఊహించలేం. కొన్ని పలుకుబళ్లలో ఇది గడ్డకట్టి మిగిలింది కూడా. ‘ప్లూ-తా-ద్యో’ అంటే ‘భగవంతుడి దయవల్ల అలా జరిగి ఉంటే ఎంత బాగుండు’ అని.

కాబట్టి ఉపాధ్యాయులకు నా సూచన ఇది. ఆరు రూపాల పట్టిక ఒక్కసారి చూపించి పక్కన పెట్టండి. బట్టీ పట్టించవద్దు. ప్రథమ పురుష ఏకవచనాన్ని నాలుగు అచ్చుల్లోనూ గుర్తుపట్టడం నేర్పండి. ఒక పేజీ ఇచ్చి టోపీ ఉన్న ప్రతి క్రియ దగ్గరా పిల్లల్ని ఆపండి. ఇది జరిగిన సంగతా, ఎవరో కోరినదా, భయపడినదా, లేక తీరని షరతు మీద ఆధారపడినదా అని అడగండి. ‘కలిగి ఉండు’ అనే అర్థమున్న ‘ఆవ్వార్’ క్రియ రూపమైన ‘యూ’ తర్వాత మరో క్రియ వస్తే జాగ్రత్త పడమనండి. పాత గద్యంలో అది ‘అలా జరిగి ఉండేది’ అన్న కండిషనల్ అర్థాన్నీ మోస్తుంది. పదిహేడో శతాబ్దపు నాటకం నుంచి ఇరవయ్యో శతాబ్దపు నవల దాకా ఈ పద్ధతితో చదివించవచ్చు. మొదలుపెట్టడానికి ‘ఆంద్రొమాక్’ మొదటి అంకం, నాలుగో రంగం సరిపోతుంది.