ముప్పేట పందెము, మధుమేహము

(నగర్‌నార్‌లో మన సంఘము జరిపిన ఉగాది సభయందలి ప్రసంగపాఠము)



కార్యదర్శిగారు నన్ను మాటలాడుమని కోరినప్పుడు ఏదో ఒక ప్రబంధమును గూర్చి చెప్పుదునని తలచియుందురు. బి.ఏ.లో తెలుగు, చరిత్ర చదివినవాడు, సచివాలయమున ఫైళ్లు త్రిప్పువాడు అంతకు మించి ఏమి చెప్పగలడు? నా ఉద్దేశమును అదియే. కాని సంక్రాంతి ఆటలపోటీలనాడు జరిగిన ఒక చిన్న సంగతి నా మనస్సును మార్చినది.

మన మిత్రు లొకరి కుమార్తె, పదునొకం డేండ్ల బాలిక, పరుగుపందెమునకు పేరిచ్చెను. అంతకు నాలుగు నెలల ముందు ఆమెకు మొదటి రకపు మధుమేహము బయటపడినది. పేరు పిలిచినప్పుడు తల్లి ఆమె చేయి పట్టుకొని ప్రక్కన కూర్చుండబెట్టెను. ఆ పిల్ల ఏడ్వలేదు. పందెము ముగియువరకు తన చెప్పులవంక చూచుచు కూర్చుండెను. ఆ తల్లిని తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. అదే వ్యాధితో నేను పదునాలుగు సంవత్సరములుగా కాపురము చేయుచున్నాను. ఈ సంగతి ఇచ్చటివారిలో నలుగురికి మించి తెలియదు. తలిదండ్రుల అనుమతితోనే పిల్ల మాట ఎత్తితిని. నా మాటకు నా అనుమతి చాలును గదా.

నాకు ముప్పదియొకటవ యేట ఇది వచ్చినది. మొదట చూచిన వైద్యుడు అందరికి వచ్చు రెండవ రకమే యని మాత్రలు వ్రాసియిచ్చెను. పెద్దవయస్సున మొదటి రకము వచ్చినవారి విషయమున ఈ పొరపాటు తరచు జరుగుచుండును. ఎనిమిది నెలలలో పండ్రెండు కిలోలు తగ్గితిని. కార్యాలయమున మిత్రులు "సన్నబడినారు, ఏమి వ్యాయామము?" అని మెచ్చుకొనుచుండిరి! తుదకు వేరొక వైద్యుడు రక్తపరీక్షలు చేయించి, శరీరముయొక్క రక్షణశక్తియే క్లోమమునందలి ఇన్సులిన్ కణములను నాశనము చేసినదని తేల్చెను. ఆ దినమునుండి రోజునకు నాలుగు సూదులు.

కార్యాలయమున ఎవ్వరికిని చెప్పలేదు. డిప్యుటేషన్లు పోవునని భయము, పదోన్నతికి అడ్డు వచ్చునని భయము. స్నానపుగదిలో తలుపు వేసికొని సూది వేసికొనుచుంటిని. ఇన్సులిన్ 1921లో టొరంటోలో కనుగొనబడినది. 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అను బాలునకు మొదటిసారి ఇచ్చిరి. అంతకు ముందు ఈ వ్యాధి వచ్చిన పిల్లలు పస్తులుండి కొలది కాలము ఈడ్చి చనిపోవుచుండిరి. ఇంత గొప్ప వరమును నేను దొంగసొత్తువలె దాచుకొంటిని.

ఇక ముప్పేట పందెము. ఇంగ్లీషువారు ట్రయథ్లాన్ అందురు. ఈత, సైకిలు, పరుగు ఒకదాని వెంట నొకటి నడుమ విశ్రాంతి లేక చేయవలెను. 1974లో అమెరికాలోని శాన్ డియేగో తీరమున దీనికి ఆ పేరుతో ఆరంభము జరిగెను. 1978 ఫిబ్రవరిలో హవాయి దీవులలో జరిగిన 'ఐరన్‌మ్యాన్' అను మహాపందెమునకు పదునైదుగురు దిగగా పండ్రెండుగురు ముగించిరి. దానికి ఈత 3.8 కిలోమీటర్లు, సైకిలు 180, పిమ్మట 42 కిలోమీటర్ల పరుగు. 2000లో సిడ్నీ ఒలింపిక్సులో చేర్చిన పందెము ఇంతటి రాక్షసి కాదు: ఒకటిన్నర కిలోమీటరు ఈత, నలువది సైకిలు, పది పరుగు. నా బోటివాడు పేరిచ్చినది ఈ రెండవ దానికే.

ఎందు కిచ్చితివని మీరడుగవచ్చును. నా భార్య అడిగినది. సరియైన సమాధానము నాకు ఈనాటికిని తెలియదు. నలువది యేండ్లు దాటినపిమ్మట మనిషికి తన శరీరముతో ఒక లెక్క తేల్చుకొనవలెనని తోచునేమో.

ఇందులోని చిక్కును కొంచెము వివరింపవలెను. కండరము పనిచేయునప్పుడు ఇన్సులిన్ సహాయము అంతగా లేకయే రక్తమునందలి చక్కెరను లాగుకొనును. ఆరోగ్యవంతుని శరీరము వెంటనే తన ఇన్సులిన్‌ను తగ్గించుకొనును. మాకు ఆ వీలు లేదు. ఒకసారి చర్మము క్రింద వేసిన మందు వెనుకకు రాదు. కాబట్టి చక్కెర పడిపోవును. చెమట, వణకు, తరువాత బుద్ధి మందగించుట, ఇంకను పడినచో స్మృతి తప్పుట. ఇంతటితో పోలేదు. పందెమునకు ముందు గుండె దడదడలాడునప్పుడు ఎడ్రినలిన్ అను రసము ఊరి చక్కెరను పైకి త్రోయును. పందెము ముగిసి ఇంటికి వచ్చి నిద్రించునప్పుడు కండరములు ఖర్చుపెట్టిన నిల్వను తిరిగి నింపుకొనుచు, నడిరేయి మరల చక్కెరను దించును. రాబడి, ఖర్చు, బకాయి మూడును ఉన్న పద్దు ఇది. అకౌంట్స్ శాఖవారికి నా బాధ తెలియును.

ఈ కండరపు పద్దును విప్పినవారిలో మన తెలుగువా డొకడు ఉండుట నాకు గర్వకారణము. భీమవరమున 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో ఫిస్కే అను ఆచార్యునితో కలిసి, కండరమునకు తక్షణశక్తి నిచ్చు ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో వెల్లడించిరి. వారికి యౌవనమునందు స్ప్రూ అను మొండి జీర్ణవ్యాధి పట్టెను. ఇద్దరు సోదరులు ఆ వ్యాధికే బలియైరి. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సచే ఆయన బ్రతికి బయటపడెను. పిమ్మట ఆయన ఆధ్వర్యమున లెడర్లీ ప్రయోగశాలలో తయారైన ఫోలిక్ ఆమ్లము ఆ వ్యాధికే మందుగా నుపయోగపడెను. మన పాఠ్యపుస్తకములలో ఆయన కిచ్చిన చోటు చాలదని నా అభిప్రాయము. ఇది ప్రక్కదారి, క్షమింపుడు.

నా మొదటి పందెము తూర్పుతీరమున ఒక సముద్రపుటూరిలో, మూడేండ్ల క్రిందట. తెల్లవారుజామున చూచుకొనగా చక్కెర 212. అది భయమువలన వచ్చిన పెరుగుదల యనియు, ఈతలో దానంతట అదియే దిగుననియు నాకు తెలిసియుండవలసినది. తొందరపడి రెండు యూనిట్లు వేసికొంటిని. ఈత ముగించితిని. చేతికి అంటించుకొన్న కొలతయంత్రముయొక్క సంకేతము నీటిలో అందదు. కావున ఆ నలువది నిమిషములు గ్రుడ్డివాని నడకయే. సైకిలుపై ఇరువదిరెండవ కిలోమీటరువద్ద రోడ్డునందలి తెల్లగీత రెండుగా కనబడెను. చొక్కా జేబులో గ్లూకోజు బిళ్లలున్నవి. వాని కాగితము విప్పుట ఎట్లో నాకు తోచలేదు. దీనిని మీరు ఊహింపజాలరు. బిళ్ల చేతిలోనే యున్నది, దానిని విప్పు తెలివి మాత్రము లేదు. ఒక జీడిమామిడి చెట్టు క్రింద కూలబడితిని. స్వచ్ఛందసేవకుడైన ఒక కుర్రవాడు నా మెడలోని పతకముపై వ్రాసిన అక్షరములు చదివి, తీపినీరు త్రావించెను. ఆ పతకమును వేసికొనుమని పోరి మెడలో వేసినది నా భార్య. దాచవలెనను బుద్ధి నాది, బ్రతికించిన బుద్ధి ఆమెది. ఫలితముల పట్టికలో నా పేరు కెదుట "ముగింపలేదు" అని వచ్చెను.

ఆ సంవత్సరము నన్ను నిలబెట్టినది లీసా బెంట్లీ అను కెనడా దేశపు వనిత చరిత్ర. ఆమె మొదట పాఠశాలలో ఉపాధ్యాయిని. ఇరువదవ యేట ఆమెకు సిస్టిక్ ఫైబ్రోసిస్ అను జన్మవ్యాధి యున్నదని తేలెను. ఆ వ్యాధిలో ఊపిరితిత్తులయందు చిక్కని కఫము పేరుకొనును, మాటిమాటికి అంటురోగములు సోకును. చెమటలో ఉప్పు విపరీతముగా పోవును. ఈ ఉప్పు సంగతి న్యూయార్కులో 1948 నాటి వడగాడ్పులలో పిల్లలు సొమ్మసిల్లగా డాక్టరు డి సాంట్ ఆగ్నీస్ దృష్టికి వచ్చెను. 1953లో చెమటను పరీక్షించి ప్రకటించిరి. అట్టి శరీరముతో బెంట్లీ పదునొకండు ఐరన్‌మ్యాన్ పందెములు గెలిచినది. ఆస్ట్రేలియాలో 2002 మొదలు 2006 వరకు వరుసగా అయిదేండ్లు ఆమెయే ప్రథమురాలు. 2006లో హవాయి ప్రపంచపోటీలో మూడవస్థానము. ఆమె గెలుపులకంటె నన్నాకర్షించినది మరియొకటి. జలుబు చేసినచో సాధన మానవలసినవారు, ఉప్పును తూచి తీసికొనవలసినవారు ఇంత దూరము పోవలెనన్న ఎంత లెక్క కావలెను! వ్యాధిని ఆమె మరచిపోయి పరుగెత్తలేదు. లెక్కలో చేర్చుకొని పరుగెత్తినది. నేనో, నా లెక్కనే దాచితిని.

ఈతగాడు గేరీ హాల్‌కు 1999లో మా వ్యాధియే వచ్చెను. 2000లోను, 2004లోను ఒలింపిక్సునందు ఏబది మీటర్ల ఈతలో స్వర్ణపతకము నందుకొనెను. ఇక్కడ ఉద్యోగులు విని ఆనందించు ముక్క యొకటి కలదు. ఇన్సులిన్ పోటీక్రీడలలో నిషిద్ధద్రవ్యముల పట్టికలో నున్నది! మాకు ప్రాణము, ఇతరులకు దొంగబలము. కావున మధుమేహియైన క్రీడాకారుడు వైద్యుని పత్రములతో దరఖాస్తు పెట్టి మినహాయింపు పొందవలెను. బ్రతుకుటకు గూడ ఫైలు నడపవలసినదే.

ఇక్కడికి బదిలీయై వచ్చిన పిమ్మట నా సాధన జయపురము పోవు రోడ్డుమీద. తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరిన ఖనిజపు లారీల బాధ తక్కువ. మీలో కొందరు నన్ను చూచి "ఆఫీసరుగారికి పిచ్చి" అనుకొనినట్లు విన్నాను. వేసవిలో ఇన్సులిన్ చెడకుండ మా యింట నీళ్ల కుండప్రక్క తడిగుడ్డ చుట్టిన చిన్నముంత ఒకటి పెట్టితిమి. కరెంటు పోయినప్పుడు రిఫ్రిజిరేటరుకంటె అదియే నమ్మకము.

ఒక హెచ్చరిక చేయకున్న దోషము. ఈ బస్తరులో సికిల్‌సెల్ వ్యాధి ఎక్కువ. దాని నిర్మూలనకై కేంద్రప్రభుత్వము 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో జాతీయోద్యమము నారంభించెను. ఆ వ్యాధిగలవారికి చన్నీటి ఈత, దప్పిక, మితిమీరిన శ్రమ తీవ్రమైన నొప్పులను తెచ్చిపెట్టగలవు. నాకు చెల్లినది వారికి చెల్లదు. నన్ను చూచి ఎవ్వరును తమ పిల్లలను వైద్యుని అడుగక నీటిలో దింపరాదు.

నిరుడు అదే తీరమునకు మరల పోయితిని. ఈసారి పడవవారికి, నిర్వాహకులకు, ప్రక్క పోటీదారునకు గూడ నా వ్యాధి చెప్పితిని. ప్రారంభమున 188 ఉన్నది. మందు ముట్టలేదు. బిళ్లల కాగితములు ముందే విప్పి పెట్టుకొంటిని. జీడిమామిడి చెట్టు ఎదురైనప్పుడు దిగి, వేలు గ్రుచ్చి చూచుకొని, రెండు బిళ్లలు నమలి, మరల ఎక్కితిని. మూడు గంటల నలువదియొక్క నిమిషములు. చివరనుండి అయిదవవాడను. మరునాడు కార్యాలయమున పై అధికారికి నా వ్యాధిని వ్రాతమూలముగా తెలిపితిని. ఆయన చదివి, "ఇంతేనా?" అని సంతకము చేసి క్రింద పెట్టెను. పదమూడేండ్లు భయపడినది ఆ రెండక్షరముల సంతకమునకా యని నాకు నవ్వు వచ్చెను. కొంచెము దుఃఖమును కలిగెను.

సంక్రాంతి గడచిన వారమునాడు భార్యను వెంటబెట్టుకొని ఆ మిత్రునింటికి పోయితిని. నా సూదిని, యంత్రమును బల్లపై పెట్టితిని. పిల్ల చాలసేపు నా చేతినంటిన యంత్రమునే చూచి, "మామయ్యగారూ, మీకునా?" అనెను. తల్లి మాత్రము ఒక్కమాటయు నమ్మలేదు. మా వైద్యునితోను, వారి వైద్యునితోను మాటలాడించితిమి. పరుగునకు ముందు 126కు, 180కి నడుమ నుండవలెనని, 90కి తగ్గినచో తిననిదే అడుగు వేయరాదని, 250 దాటినచో కీటోన్లు చూడవలెనని కాగితముమీద వ్రాయించుకొని ఆమె వంటింటి గోడకు అంటించుకొనెను. రెండు నెలలు పట్టినది.

గత ఆదివారము ఉదయము ఆ పిల్ల మన మైదానముచుట్టు రెండు చుట్లు పరుగెత్తెను. తండ్రి ఒక మూల, నేనొక మూల, గ్లూకోజు పట్టుకొని నిలిచితిమి. మొదట 148, తరువాత 112. తల్లి ఆ రెండంకెలను పుస్తకములో వ్రాసికొనెను. రాత్రి రెండు గంటలకు ఒకమారు లేచి చూడవలెనమ్మా అని నేననగా, "అలారము ఇప్పుడే పెట్టితిని, అన్నయ్యగారూ" అనెను.