సముద్రగర్భమున రైలుమార్గము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



గోదావరి పాయల నడుమ, సముద్రపుటొడ్డున నివసించు కోనసీమవారికి రేవు, పడవ, పంటు అను మాటలను వివరింప నక్కరలేదు. ఆవలియొడ్డు కంటికి కనబడుచున్నను, గాలి లేచిన దినమున అది దూరదేశమే. ఇంగ్లండు, ఫ్రాన్సు దేశముల నడుమను అట్టి పాయ యొకటి కలదు. అది సముద్రపుపాయ, మిక్కిలి ఇరుకైన చోట సుమారు 33 కిలోమీటర్ల వెడల్పు. దాని అడుగున నేడు రైళ్ళు నడచుచున్నవి. ఈ కార్యము ఇంత ఆలస్యమగుటలో నీటికన్న మనుష్యుల భయమునకే పాలెక్కువ.

1802లో ఆల్బెర్ మాత్యూ అను ఫ్రెంచి యింజనీరు నెపోలియనుకు ఒక ప్రణాళిక సమర్పించెను. సొరంగములో గుర్రపుబండ్లు నడువవలెను, నూనెదీపములు వెలుగవలెను, గాలికొరకు గొట్టములు నీటిపైకి లేవవలెను, గుర్రములను మార్చుటకు నడిసముద్రమున ఒక ద్వీపము నిర్మింపవలెను. మరుసటియేడే రెండు దేశములకును యుద్ధము వచ్చినది. ప్రణాళిక కాగితముననే నిలిచిపోయినది.

1880 ప్రాంతమున సర్ ఎడ్వర్డ్ వాట్కిన్ పూనికతో పని నిజముగానే మొదలయ్యెను. రెండు ఒడ్డులనుండియు యంత్రములతో ఒక్కొక్క మైలుకు మించి త్రవ్విరి. సముద్రము అడ్డుపడలేదు; సేనానులు అడ్డుపడిరి. శత్రుసేన ఈ దారినే వచ్చి పడునని వుల్స్‌లీ మున్నగువారు వాదింపగా, 1882లో ఆంగ్ల ప్రభుత్వము పనిని ఆపించెను. సముద్రమే తమ కోటకు కందకమని నమ్మినవారు దానికి ద్వారము పెట్టుటకు ఒప్పుకొనలేదు. మరల 1970లలో ఆరంభమైన పని ధనాభావముచే 1975లో ఆగెను.

తుదకు 1986లో ఉభయదేశములును సంధి చేసికొనెను. సముద్రపుటడుగున సుద్దయు బంకమన్నును కలిసిన పొర యొకటి కలదు. ఏటిగట్టుకు బంకమన్ను ఏల వేయుదురో ఎరిగినవారికి దాని గుణము తెలియును: అది త్రవ్వుటకు మెత్తన, నీటిని చొరనీయదు. ఆ పొరనే అనుసరించి పదునొకండు యంత్రములతో మూడు సొరంగములు త్రవ్విరి: రాకకొకటి, పోకకొకటి, రక్షణకును మరమ్మతులకును నడుమ మరొకటి. 1990 డిసెంబరు 1న ఇరువైపుల పనివారు సముద్రము క్రింద చేతులు కలిపిరి. 1994 మే 6న ఎలిజబెత్ రాణియు, అధ్యక్షుడు మిత్తెరాయును మార్గమును ప్రారంభించిరి. దాని నిడివి సుమారు 50 కిలోమీటర్లు. అందు 38 కిలోమీటర్లు సముద్రము క్రిందనే. ఈ నిర్మాణమున పదిమంది పనివారు ప్రాణములు విడిచిరని మరువరాదు.

ఇట్టి కథ మన గుమ్మమునను కలదు. 1928లో కాకినాడనుండి కోటిపల్లికి రైలు వచ్చెను. ముక్తేశ్వరమునుండి రేవు దాటినచో రైలే. 1940లో యుద్ధావసరములకని ఆ పట్టాలను పెరికివేసిరి. ఆ యేటనే, సముద్రపుపాయ తమ్ము గాచినదని ఇంగ్లండువారు ఊరట చెందిరి. అచట అడ్డుగా నిలిచిన నీటిని మెచ్చుకొనిరి; ఇచట నీటియొడ్డు చేరిన దారిని పోగొట్టుకొంటిమి. కోటిపల్లికి మరల రైలు వచ్చుటకు 2004 వరకు వేచియుండవలసివచ్చెను. గౌతమిని, వైనతేయను, వశిష్ఠను దాటి నరసాపురము చేరవలసిన మార్గమునకై కోనసీమ యింకను ఎదురుచూచుచున్నది.

ఒక తరము వదలిన పనిని మరియొక తరము చేపట్టవలెనన్న, అది ఎచట ఆగినదో, ఏల ఆగినదో తెలిసియుండవలెను. ఆ యెరుకను నిలిపియుంచునవి గ్రంథాలయములే. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము ఆ పనినే చేయుచున్నది. ఇచటి పుస్తకములు చదివిన బాలురలో నొకడు రేపు గౌతమిపై తొలి రైలును నడపుగాక!