మత్తు డాక్టరుకు చెప్పాల్సిన ఇంటి మాట
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సన్మానాల తర్వాత పది నిమిషాలు ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. షుగరు, బీపీల గురించి మీరు రోజూ వింటూనే ఉన్నారు. నేను కర్నూలు మెడికల్ కాలేజీలో చదివి, మత్తు డాక్టరుగా పనిచేస్తూ తల నెరిసినవాణ్ణి. అందుకే మీలో చాలామంది పేరు కూడా వినని జబ్బు ఒకటి చెబుతాను.

మా క్లాసులో ఒకడుండేవాడు. "నా కథ చెప్పుకో, పేరు మాత్రం వద్దు" అన్నాడు. మార్చి ఎండలో రెండు రౌండ్లు పరుగెత్తితే చాలు, పిక్కలూ తొడలూ రాళ్లలా బిగుసుకుపోయి గ్రౌండులోనే కూలబడేవాడు. డ్రిల్లు సారు సోమరి అనేవారు. మేం నవ్వేవాళ్లం. నేనూ నవ్వాను. ఒకసారి కబడ్డీ ఆడిన మర్నాడు, మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వస్తోందని నా చెవిలో చెప్పాడు. "వేడి చేసింటుంది, మజ్జిగ తాగు" అన్నాను.

ముప్పై ఏళ్ల తర్వాత హెర్నియా ఆపరేషన్‌కు నా దగ్గరికే వచ్చాడు. మీ ఇంట్లో ఎవరికైనా మత్తుతో ఇబ్బంది వచ్చిందా అని అలవాటుగా అడిగాను. కాసేపు ఊరుకుని, "మా చిన్నాయన టాన్సిల్ ఆపరేషన్లో బల్ల మీదనే పోయినాడు లేప్పా. ఒళ్లు పొయ్యిలా కాలిందంట, కట్టెలా బిగుసుకున్నాడంట. ఆయుష్షు అంతే అనుకున్నాం" అన్నాడు.

నా పెన్ను ఆగిపోయింది.

దాని పేరు మాలిగ్నెంట్ హైపర్‌థర్మియా. 1960లో మెల్‌బోర్న్ డాక్టర్లు డెన్‌బరో, లోవెల్ లాన్సెట్ పత్రికలో దీన్ని మొదట వివరించారు. కాలు విరిగిన 21 ఏళ్ల కుర్రవాడు కాలి కన్నా మత్తుకే ఎక్కువ భయపడ్డాడు. ఈథర్ మత్తులో అతని బంధువులు పదిమంది చనిపోయారు మరి! ఈథర్ మాని హాలోథేన్ ఇచ్చారు. అదీ అంతే చేసింది. అదృష్టం, అతను బతికాడు. ఆ ఇంటి కథే వైద్యులకు దారి చూపింది.

జరిగేది ఇది. మన కండరంలో కాల్షియం నిల్వ ఉంటుంది. దానికొక తూము తలుపు ఉంది. తలుపు తెరుచుకుంటే కండరం బిగుస్తుంది, మూసుకుంటే వదులవుతుంది. ఎక్కువమందిలో ఆర్‌వైఆర్1 అనే జన్యువులోని లోపం వల్ల ఆ తలుపు సరిగా నిలవదు. హాలోథేన్, ఐసోఫ్లూరేన్, సీవోఫ్లూరేన్ వాయువులు, సక్సినైల్‌కోలిన్ సూది తగిలితే తలుపు తెరుచుకునే ఉండిపోతుంది. కె.సి. కాలువ తూము విరిగితే పొలం ఏమవుతుందో మీకు చెప్పాలా? కండరాలు ఆగకుండా మండుతాయి. కార్బన్ డయాక్సైడ్, గుండె వేగం పెరుగుతాయి, ఒళ్లు బిగుసుకుంటుంది, జ్వరం ఎగబాకుతుంది. ఆ తలుపు మూసే మందు డాంట్రోలిన్. అది రాకముందు పదిమందిలో ఏడెనిమిది మంది పోయేవారు. 20 మిల్లీగ్రాముల సీసాలైతే, 60 కిలోల మనిషికి మొదటి మోతాదుకే ఎనిమిది కావాలి. ఆ మందు ప్రతి ఆసుపత్రిలో ఉండదు. అందుకే ముందుగా తెలియడం ముఖ్యం.

ఈ లోపం ఉన్నవాళ్లలో చాలామందికి మామూలుగా ఏ బాధా ఉండదు. ఇంతకుముందు ఒకసారి మత్తు బాగానే పడిందన్నది కూడా భరోసా కాదు. కొందరికి మాత్రం ఆపరేషన్‌తో పని లేకుండానే కండరాలు మాట్లాడతాయి. శ్రమ పడితే పట్టేయడం, రోజుల తరబడి నొప్పులు, రక్తంలో సీకే ఎక్కువగా ఉండటం. ఎండలో ఒళ్లు విరుచుకుంటే వడదెబ్బ, కండరం కరిగి నల్లటి మూత్రం. అది కిడ్నీలను దెబ్బతీస్తుంది. బేతంచెర్ల నాపరాళ్ల గనిలో, కడప మిట్టమధ్యాహ్నంలో పనిచేసేవాళ్లకు ఈ మాట మరీ అవసరం. పిక్క పట్టిన ప్రతివాడికీ ఈ జబ్బుందని కాదు. ఉప్పు, నీళ్లు తగ్గినా పట్టేస్తాయి. కానీ మూత్రం నల్లబడితే మజ్జిగతో సరిపెట్టుకోకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లి సీకే, కిడ్నీ పరీక్షలు చేయించండి.

మా వాడికి ఆ వాయువుల జోలికి పోకుండా, వెన్నులో మత్తు సూది ఇచ్చి ఆపరేషన్ చేశాం. ప్రొపోఫాల్, కెటమిన్ కూడా ఇలాంటివాళ్లకు ఇవ్వవచ్చు. కాబట్టి భయపడి ఆపరేషన్ మానుకోవద్దు. వాడికి జన్యు పరీక్ష ఇంకా కాలేదు. ఉందని నేను ఒట్టేసి చెప్పలేను. చెప్పలేనప్పుడు ఉన్నట్టే జాగ్రత్త పడాలి. ఉంటే, బిడ్డల్లో ఒక్కొక్కరికి సగం అవకాశం. వాడి కొడుకు ఇప్పుడు పోలీసు ఉద్యోగానికి పరుగు ప్రాక్టీసు చేస్తున్నాడు. ఎండ ఎక్కకముందే పరుగెత్తాలని, జ్వరమున్న రోజు అసలు పరుగెత్తొద్దని, పిక్కలు బిగిస్తే ఆగిపోవాలని చెప్పాం. చిన్నాయన సంగతి కూడా మొదటిసారిగా చెప్పాం.

మిత్రులారా, ఇవాళ ఇంటికి వెళ్లాక అమ్మనో, మేనత్తనో ఒక్క మాట అడగండి: మన ఇంట్లో ఎవరైనా ఆపరేషన్ బల్ల మీద పోయారా, ఒళ్లు కాలిపోయిందా? ఉంటే ఒక కాగితం మీద రాసి ఆధార్ కార్డుతో పాటు పెట్టుకోండి. మత్తు డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.

ఆనాడు గ్రౌండులో కూలబడినవాడు ఈ సభలో వెనక వరసలో కూర్చున్నాడు. ఒరే, ఆ రోజు నవ్వినందుకు నన్ను మన్నించు.